నీళ్ళు ఎందుకెక్కాయి?

బీఈడీలో మాకు తత్వశాస్త్రం పేపరొకటి ఉండేది. భావవాదం, ప్రకృతివాదం, వ్యావహారికసత్తావాదం. ఒక్కో వాదానికి ఇద్దరు ముగ్గురు పెద్దమనుషులు, వాళ్ళ పేర్ల కింద గుణాలు, దోషాలు. రూసో అంటే ప్రకృతి, ఫ్రోబెల్ అంటే కిండర్‌గార్టెన్, డ్యూయీ అంటే చేస్తూ నేర్చుకోవడం. పరీక్ష ముందు రాత్రి అంతా బట్టీ కొట్టి, మర్నాడు అడిషనల్ షీట్లు అడిగి మరీ రాసి, హాల్లోంచి బయటికొస్తూనే మరిచిపోయాను. నేను భౌతికశాస్త్రం వాణ్ణి. కాంతి వక్రీభవనం చెప్పడానికి రూసోతో పనేంటి? ఇదీ నా వాదన. నాకు తత్వం అక్కర్లేదనుకోవడం కూడా ఒక తత్వమేనని, అందులోనూ నాసిరకందని తెలిసేసరికి సర్వీసు సగం దాటిపోయింది.

డీఎస్సీకి చదివేటప్పుడు ఒక బిట్టు తప్పకుండా వచ్చేది: అన్వేషణ పద్ధతిని ప్రతిపాదించినవారు ఎవరు? ఆర్మ్‌స్ట్రాంగ్. నా రూమ్మేటు చాలాకాలం ఆయన చంద్రుడి మీద దిగినాయనే అనుకున్నాడు. ఈయన వేరు. హెన్రీ ఆర్మ్‌స్ట్రాంగ్, లండన్‌లో రసాయనశాస్త్ర ఆచార్యుడు. పిల్లలకు వీలైనంత తక్కువ చెప్పి, వీలైనంత ఎక్కువ వాళ్ళ చేతనే కనుక్కోనివ్వాలని 19వ శతాబ్దం చివర్లో పెద్ద గొడవ చేసిన మనిషి. ఆయన పద్ధతికి ప్రాణమంతా చెప్పకపోవడంలోనే ఉంది. దాన్ని మేం నాలుగు ఆప్షన్లలో ఒకటిగా కంఠస్థం చేశాం. ఇందులో నవ్వుకోవలసింది ఉందని అప్పుడు తోచలేదు. మార్కు వచ్చింది, అంతే.

ఆ మార్కులతో ఉద్యోగం వచ్చింది. జిల్లా పరిషత్ హైస్కూలు, ఫిజికల్ సైన్స్ అసిస్టెంటు. తత్వం లేకుండా బడిలో అడుగుపెట్టానని నేననుకున్నాను గానీ, ఇంటర్మీడియట్ ప్రాక్టికల్స్ నాలో ఒక తత్వాన్ని ముందే నాటేశాయి. లఘులోలకం ప్రయోగం గుర్తుందా? దారం పొడవు మార్చుకుంటూ, 20 డోలనాలకు పట్టిన కాలం చూసి, గురుత్వ త్వరణం కట్టాలి. మా బ్యాచ్‌లో ఎవరికైనా 980కి అటూ ఇటూ ఒకటి రెండు తేడాతోనే వచ్చేది. స్టాప్‌వాచీ సరిగా పనిచెయ్యని రోజు కూడా! ముందు జవాబు రాసుకుని, దాన్నుంచి వెనక్కి లెక్కకట్టి, రీడింగులు పుట్టించేవాళ్ళం. నమ్మశక్యంగా ఉండాలని మధ్యలో ఒక రీడింగు కాస్త తప్పుగా వేసేవాళ్ళం కూడా. సైన్సంటే జవాబు ముందే తేలిపోయిన వ్యవహారమని, ప్రయోగం దాని ముందు చేసే హారతి లాంటిదని నా మనసులో పడిపోయింది. అదే తీసుకెళ్ళి ఎనిమిదో తరగతి పిల్లల ముందు పెట్టాను.

కొవ్వొత్తి సంగతి చెబుతాను. పళ్ళెంలో నీళ్ళు పోసి, మధ్యలో కొవ్వొత్తి నిలబెట్టి వెలిగించి, గాజుగ్లాసు బోర్లిస్తే కాసేపటికి దీపం ఆరిపోతుంది, గ్లాసులోకి నీళ్ళెక్కుతాయి. మా మాస్టారు మాకు చెప్పినట్టే నేనూ చెప్పాను: గాలిలో అయిదో వంతు ఆక్సిజన్ ఉంది, దీపం దాన్ని తినేసింది, ఖాళీ అయిన చోటికి నీళ్ళొచ్చాయి, చూడండి, సరిగ్గా అయిదో వంతు. గ్లాసు మీద అయిదు గీతలు కూడా గీసుకుని తెచ్చాను. నీళ్ళు గీత దాటి ఎక్కితే సుమారుగా అనేవాణ్ణి. గీత దాకా రాకపోతే గ్లాసు సరిగా బోర్లించలేదనేవాణ్ణి.

మూడో బెంచీలోంచి ఒక పిల్ల లేచింది. "సార్, దీపం వెలుగుతున్నంతసేపూ నీళ్ళు పెద్దగా ఎక్కలేదు గదా. ఆరిపోయాకే గదా గబగబా ఎక్కాయి?" అంది. నేను చూడలేదు. ఎందుకు చూస్తాను? ఏం జరుగుతుందో నాకు ముందే తెలుసు కాబట్టి నా కళ్ళు పిల్లల వైపున్నాయి, అల్లరి చేస్తున్నారేమోనని. "అదంతా ఒకటేనమ్మా, కూర్చో" అన్నాను. కూర్చుంది. ఆ ఏడాదిలో మళ్ళీ ప్రశ్న అడిగినట్టు గుర్తులేదు.

నా అజ్ఞానానికి వంత పాడిన పెద్దలు చాలామందే ఉన్నారని తర్వాత చదివి తెలుసుకున్నాను. అదేమీ నాకు ఊరట కాదు గానీ, సిలబస్ అనేది ఆకాశం నుంచి ఊడిపడదని అర్థమైంది. పిల్లాడు సైన్స్ ఎందుకు చదవాలి అన్న ప్రశ్నకు ఎవరో ఎక్కడో ఒక జవాబు అనుకుంటారు. ఆ జవాబే పాఠాల వరసగా, పేజీల లెక్కగా, చివరికి పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నగా దిగివస్తుంది. 1964–66 నాటి కొఠారీ కమిషన్ నివేదిక పేరులోనే విద్యతో పాటు జాతీయాభివృద్ధి ఉంది. దేశానికి ఉత్పత్తి కావాలి, ఇంజినీర్లు కావాలి. అందుకని పదో తరగతి వరకూ సైన్సు, లెక్కలు అందరికీ తప్పనిసరి చెయ్యమంది. మంచిపనే. మా పల్లెటూళ్ళలో ఆడపిల్లలకు సైన్సు దక్కిందంటే అందుకే. కానీ ఇంజినీరు కాబోయేవాడి కోసం రాసిన పాఠం, ఇంజినీరు కాని మిగతా క్లాసు మీద ఎలా పడుతుందో ఆ పిల్లల మొహాల్లో చూసినవాళ్ళకే తెలుస్తుంది.

అమెరికాలోనూ ఇదే కథ, ఇంకో రంగులో. 1956లో ఎంఐటీలో జెరాల్డ్ జకారియాస్ అనే భౌతికశాస్త్రవేత్త హైస్కూలు ఫిజిక్సును మార్చాలని పీఎస్ఎస్‌సీ అనే బృందాన్ని కూడగట్టాడు. మరుసటేడు సోవియట్ వాళ్ళ స్పుత్నిక్ ఎగిరింది. భయం పట్టుకుంది, డబ్బు కురిసింది. శాస్త్రవేత్తలే కూర్చుని పుస్తకాలు రాశారు. పిల్లవాణ్ణి బుల్లి శాస్త్రవేత్తగా చూడాలన్న ఊహ చాలా అందమైనది. అందులో చిక్కు ఏమిటంటే, బుల్లి శాస్త్రవేత్త ఎలా ఉంటాడో శాస్త్రవేత్తే తన చిన్నతనాన్ని తలుచుకుని రాసుకున్నాడు.

నాకు నిజంగా సిగ్గు కలిగించింది మాత్రం అమెరికా కాదు, హోషంగాబాద్. 1972లో మధ్యప్రదేశ్‌లోని ఆ జిల్లాలో 16 మిడిల్ స్కూళ్ళలో ఒక కార్యక్రమం మొదలైంది. కిశోర్ భారతి, రసూలియాలోని ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే రెండు సంస్థలు పూనుకున్నాయి. ఢిల్లీ విశ్వవిద్యాలయం, టాటా ఇన్‌స్టిట్యూట్ నుంచి శాస్త్రవేత్తలు వచ్చి పల్లెటూరి పంతుళ్ళతో కలిసి ప్రయోగాలు చేశారు. 1978లో అది జిల్లా అంతటికీ పాకింది. 1982లో పుట్టిన ఏకలవ్య సంస్థ దాన్ని భుజాన వేసుకుంది. వాళ్ళ పుస్తకం పేరు బాల్ వైజ్ఞానిక్. అందులో ప్రయోగం ఎలా చెయ్యాలో ఉంటుంది, ఏం వస్తుందో ఉండదు. నలుగురేసి పిల్లలు జట్టుగా చేసి, చూసింది చూసినట్టు రాసుకోవాలి. ఒకే బల్లను నలుగురు కొలిస్తే నాలుగు కొలతలొస్తాయి. అందులో ఎవడిది తప్పు అని గద్దించకుండా, ఆ తేడానే పాఠం చేశారు. నా 980 గుర్తొచ్చింది. నేను ఏ తేడాను ఎరేజరుతో చెరిపానో, వాళ్ళు దాన్నే పిల్లల ముందు పెట్టి మాట్లాడించారు.

అంతకంటే ముఖ్యమైనది వాళ్ళ పరీక్ష. పుస్తకం తెచ్చుకుని రాయొచ్చు. చేతులతో చేసి చూపించే పరీక్ష వేరే ఉండేది. పుస్తకం పక్కనుంచుకున్న పిల్లాణ్ణి నిర్వచనాలు అడిగి ఏం లాభం? అడగవలసింది వేరే ఏదో వెతుక్కోవాలి, అంటే ప్రశ్నపత్రం రాసే పంతులు కూడా మారాలి. ఏడాదికోసారి మూడు వారాల శిక్షణలో ఆ పంతుళ్ళు పిల్లల్లాగే ప్రయోగాలు చేసి, తప్పులు చేసి, పోట్లాడుకునేవాళ్ళట. పిల్లలు తమ ప్రశ్నలను సవాలీరామ్ అనే లేని మనిషికి ఉత్తరాలుగా రాసేవాళ్ళు, జవాబులు వచ్చేవి. మూడు దశాబ్దాలు నడిచాక 2002లో అక్కడి ప్రభుత్వం దాన్ని ఆపేసింది.

నా దాకా ఆ గాలి వేరే దారిలో వచ్చింది. ప్రొఫెసర్ యశ్‌పాల్ హోషంగాబాద్ పని మొదలైన రోజుల్లో దానికి అండగా నిలిచినవాడు. 1993లో ఆయన కమిటీయే బడిపిల్లల భారం గురించి నివేదిక ఇస్తూ, సంచీ బరువు కంటే అర్థంకాని చదువు బరువే ఎక్కువని తేల్చింది. తర్వాత జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం 2005కు కూడా ఆయనే అధ్యక్షుడు. దాన్నిబట్టి మన దగ్గర 2011లో రాష్ట్ర చట్రం వచ్చింది, ఆ వెంటే కొత్త పుస్తకాలు. పేజీ తిప్పితే కృత్యం, మరో పేజీలో ఆలోచించండి–చర్చించండి. పాఠం చివర 'ప్రశ్నలు' పోయి 'అభ్యసనాన్ని మెరుగుపరుచుకుందాం' వచ్చింది. విషయావగాహన ఏడు విద్యాప్రమాణాల్లో ఒకటి మాత్రమే అయింది. ప్రశ్నించడం, ప్రయోగాలు చెయ్యడం, బొమ్మ గీయడం, జీవవైవిధ్యం పట్ల స్పృహ, అన్నిటికీ వాటా వచ్చింది.

నేను మతం మార్చుకున్నవాడిలా ఊగిపోయాను. పిల్లలు జ్ఞానాన్ని తామే నిర్మించుకుంటారు అన్న పియాజే మాట చెవిలో పడగానే, ఇన్నాళ్ళూ చేసిన పాపానికి ప్రాయశ్చిత్తం దొరికిందనుకున్నాను. నన్ను రిసోర్స్ పర్సన్‌గా వేశారు. ఉపన్యాస పద్ధతి ఎందుకు పనికిరాదో వివరిస్తూ భోజనాల వేళ దాటేదాకా ఉపన్యాసం ఇచ్చాను. పవర్‌పాయింటు కూడా పెట్టాను. ముందు వరసలో ఒక పెద్ద టీచరుగారు నిద్రపోయారు. మార్పును ఒప్పుకోలేని పాతతరం అని జాలిపడ్డాను.

బళ్ళో ఇంకా ఘోరం. చెప్పడం మానేశాను. ఏదడిగినా "నువ్వేమనుకుంటున్నావు?" అనేవాణ్ణి. విద్యుత్ పాఠంలో సెల్లు, వైరు, బల్బు ఇచ్చి వదిలేశాను. పిల్లలు బల్బు వెలిగించారు, కేరింతలు కొట్టారు. నాకు కళ్ళు చెమర్చాయి. కరెంటు బల్బులోకి ఎంత వెళ్తుంది, బయటికి ఎంత వస్తుంది అని అడిగాను. బల్బు కొంత వాడేసుకుంటుంది కాబట్టి తక్కువ వస్తుందన్నారు ఎక్కువమంది. మొత్తం వాడేసుకుంటుంది, రెండో వైరు ఊరికే అన్నారు కొందరు. ఒక్కడు మాత్రం రెండూ సమానమేనన్నాడు, ఎందుకో చెప్పలేకపోయాడు. నేను మూడూ బోర్డు మీద రాసి, అందరి అభిప్రాయాలూ గౌరవించదగినవే అని బెల్లు కొట్టగానే వెళ్ళిపోయాను. సరైన జవాబు చెప్పిన ఒక్క పిల్లాడు ఆ రోజు మెజారిటీ చేతిలో ఓడిపోయి ఇంటికెళ్ళాడు.

బల్బుకు ఈ పక్క ఒక అమ్మీటరు, ఆ పక్క ఒక అమ్మీటరు పెడితే రెండూ ఒకే రీడింగు చూపిస్తాయి. పావుగంట పని. అమ్మీటర్లు ల్యాబు బీరువాలో ఉన్నాయి. తాళం నా జేబులోనే ఉంది. ఎందుకు తియ్యలేదంటే, అవి స్టాక్ రిజిస్టరులో ఉన్నాయి, విరిగితే రికవరీ నా జీతంలోంచి. డ్యూయీ, పియాజే, యశ్‌పాల్ అందరూ కలిసి కూడా ఆ రిజిస్టరు ముందు నిలబడలేకపోయారు. కట్ట విప్పని థర్మామీటర్లు ఎన్ని ఉన్నాయో చూపిస్తే మన బళ్ళలో సైన్సు ఏ తత్వం మీద నడుస్తోందో ఎవరైనా చెప్పొచ్చు.

పిల్లల్ని అలా వదిలేస్తే ఏమవుతుందో ఇంగ్లండులో రోజలిండ్ డ్రైవర్ అనే ఆవిడ 1983లోనే పుస్తకంగా రాసింది. పిల్లలు ఖాళీ బుర్రతో క్లాసుకు రారు, వేడి గురించి, బలం గురించి, కరెంటు గురించి సొంత సిద్ధాంతాలతో వస్తారు. వస్తువులిచ్చి వదిలేస్తే ఆ సిద్ధాంతాల కళ్ళజోడులోంచే చూస్తారు. అంటే టీచరు పని తగ్గదు, పెరుగుతుంది. పిల్ల మనసులో ఏముందో పైకి తీయించాలి, దాన్ని ఇరుకున పెట్టే ప్రయోగం ఎంచుకోవాలి, ఆ పైన చెప్పవలసింది చెప్పాలి కూడా. 2006లో కిర్ష్నర్, స్వెల్లర్, క్లార్క్ అనే ముగ్గురు మరీ ముందుకెళ్ళి, కొత్తగా నేర్చుకునేవాడికి దారి చూపకుండా వదిలేస్తే బుర్రకు మోయలేని బరువవుతుందని వాదించారు. వాళ్ళతో నాకు పూర్తిగా పొసగదు. కానీ వాళ్ళు తిట్టింది ఎవర్నయ్యా అంటే, హోషంగాబాద్ వాళ్ళను కాదు, నన్ను.

కొవ్వొత్తి విషయం ఒక వర్క్‌షాపులో తేలింది. రిటైరైన కెమిస్ట్రీ లెక్చరరుగారొకరు అదే పళ్ళెం, అదే గాజుజాడీ తెచ్చారు. ముందు ఒక కొవ్వొత్తి పెట్టారు. నీళ్ళెక్కినచోట గీత పెట్టారు. తర్వాత రెండు, ఆ తర్వాత నాలుగు. నీళ్ళు ప్రతిసారీ మునుపటి గీత దాటాయి. ఆయన నా వైపు తిరిగి, "గాలిలో ఆక్సిజను కొవ్వొత్తుల లెక్కను బట్టి పెరుగుతుందా మాస్టారూ?" అన్నారు. గదిలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఆలస్యంగా.

జాడీ బోర్లించేటప్పుడే మంట వేడికి లోపలి గాలి వ్యాకోచించి కొంత బయటికి పోతుంది. జాగ్రత్తగా చూస్తే అంచు దగ్గర బుడగలు కనిపిస్తాయి. దీపం ఆరాక మిగిలిన గాలి చల్లబడి కుదించుకుంటుంది, నీళ్ళెక్కుతాయి. ఆక్సిజన్ ఖర్చవడం అబద్ధం కాదు గానీ, మైనం కాలితే దాని స్థానంలోకి కార్బన్ డయాక్సైడు వచ్చి చేరుతుంది, అది నీళ్ళలో అంత త్వరగా కరగదు. పైగా గాలిలో 21 శాతం ఉండే ఆక్సిజన్ 16 శాతం దగ్గరికి దిగేసరికే దీపం కొండెక్కుతుంది. అయిదో వంతు మొత్తం ఎక్కడ ఖాళీ అయింది? మూడో బెంచీ పిల్ల ఆ రోజు పట్టుకున్నది ఈ చిక్కునే. మొదట నా దగ్గర జవాబుంది కాబట్టి ఆ పిల్లను కూర్చోబెట్టాను. తర్వాత జవాబు చెప్పకపోవడమే గొప్ప కాబట్టి కరెంటు పాఠంలో ఆ ఒక్క పిల్లాణ్ణి కూర్చోబెట్టాను. రెండుసార్లూ నేను గ్లాసు వైపు గానీ బల్బు వైపు గానీ చూడలేదు.

ఇక మార్కుల సంగతి. నిరంతర సమగ్ర మూల్యాంకనం పేరుతో ప్రాజెక్టులకు, ప్రయోగాలకు, స్లిప్ టెస్టుకు మార్కులొచ్చాయి. పదో తరగతిలో 80 పబ్లిక్ పరీక్షకు, 20 మా చేతిలో. చూపు మార్చే సాధనం చేతికి వచ్చిందన్నమాట. మేం ఏం చేశాం? అందరికీ 18, 19, 20 వేశాం. ప్రాజెక్టులు జిరాక్స్ షాపులో తయారుగా దొరికేవి, స్కెచ్ పెన్నుతో అట్ట మీద పేరు రాసుకుంటే చాలు. ఆ షాపువాడికి విద్యాప్రమాణాలు ఏడూ వరసలో వచ్చు. నేనూ సంతకాలు పెట్టాను. పెట్టకపోతే పక్కబడి పిల్లల కంటే మావాళ్ళకు తక్కువొస్తాయి గదా అన్నది అప్పటి నా న్యాయం.

ఆ మధ్య 2023లో పదో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలోంచి జీవపరిణామం, ఆవర్తన పట్టిక తీసేశారని శాస్త్రవేత్తలు గగ్గోలు పెట్టినప్పుడు నేనూ నాలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఆవేశంగా రాశాను. భారం తగ్గించడానికేనన్నారు వాళ్ళు. యశ్‌పాల్ కూడా భారమనే అన్నాడు. ఆయన అర్థం కానిదాన్ని భారమన్నాడు, వీళ్ళు మిగతాదంతా అర్థం కావడానికి ఆధారమైన దాన్ని భారమన్నారు. ఇది రాశాక ఒక పాత విద్యార్థి అడిగాడు: "సార్, మాకు మీరు పరిణామం చెప్పారా?" నాది ఫిజిక్సు, చెప్పవలసింది బయాలజీ సారు అని తప్పించుకున్నాను. నిజానికి ఆవర్తన పట్టికను మాత్రం నేనే చెప్పాను, అడ్డు వరసలూ నిలువు వరసలూ పద్యంలా వల్లె వేయించి.

ఒక్కటి మిగిలింది. ఇది మా ఇంట్లోవాళ్ళకు కూడా చెప్పలేదు. వర్క్‌షాపు అయిన కొన్నేళ్ళకు స్పాట్ వాల్యుయేషన్‌లో ఉన్నాను. రోజుకు 40 పేపర్లు, ఎండాకాలం, ఫ్యాను తిరుగుతోందని చెప్పడానికి మాత్రమే తిరుగుతోంది. ఒక పేపర్లో ఆ పిల్లాడెవడో, పిల్లో, దహనానికి గాలి కావాలని చూపే ప్రయోగం రాసి, కింద తనంతట తాను ఒక వాక్యం చేర్చాడు: నీళ్ళు దీపం ఆరిన తర్వాతే ఎక్కువగా పైకి వచ్చాయి, కాబట్టి అది గాలి చల్లబడడం వల్ల కావచ్చు. బొమ్మలో గ్లాసు అంచున చిన్న చిన్న బుడగలు కూడా వేశాడు. కీలో ఉన్నది నా పాత కథే. కీ చివర 'సరైన ఏ ఇతర సమాధానానికైనా మార్కులు ఇవ్వవచ్చు' అని కూడా ఉంది. చీఫ్ ఎగ్జామినరు రెండు బల్లల అవతలే కూర్చున్నారు, లేచి వెళ్ళి అడిగితే సరిపోయేది. రెండు మార్కులకు ఒకటి వేసి, టోటల్ చేసి, కట్టలో తరవాతి పేపరు తీశాను.